ఫుట్‌బాల్ జోడీలా, కోట ముట్టడులా?

హన్మకొండలో మా మేనల్లుడు అడిగాడు: "మామా, ఒక్క పుస్తకానికే పైసలున్నయి. ఫుట్‌బాల్ జోడీలది కొనాల్నా, ముట్టడులది కొనాల్నా?"

ఖర్చు: పటాలు, బొమ్మలు ఉంటే ముట్టడుల పుస్తకానికే ధర ఎక్కువ.

శ్రమ: జోడీల పుస్తకం బస్సులో కూడా చదవచ్చు. పీలే, గరించా కలిసి ఆడినప్పుడు బ్రెజిల్ ఒక్కసారీ ఓడలేదు. మేనేజర్ క్లఫ్, ఆయన సహాయకుడు టేలర్ జోడీ 1979, 1980లో ఇంగ్లండ్ క్లబ్ నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కు వరసగా యూరోపియన్ కప్ తెచ్చింది. ముట్టడుల పుస్తకానికి మాత్రం పటం ముందు పెట్టుకుని, తీరిగ్గా కూర్చోవాలి.

రిస్క్: ఆట చూడనివాళ్లకు జోడీల పుస్తకం పేర్ల జాబితాలా తోస్తుంది. ముట్టడుల్లో సైన్యాల లెక్కలు నమ్మలేం. గెలిచినవాడి ఆస్థానంలో రాసినవి కదా!

ఎవరికి నప్పుతుంది: ఇక్కడ నా మొగ్గు దాచుకోను. వరంగల్ కోటకు వెళ్తే ముందు గడ్డి మొలిచిన మట్టికట్ట, లోపల కందకం, ఆ తర్వాత రాతిగోడ. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన మట్టికోట దాటాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్‌కు కోటే దక్కింది. గోల్కొండ 1687లో ఎనిమిది నెలలు నిలిచింది, చివరికి లోపలివాళ్లు తలుపు తీస్తేనే పడింది. ఆ మట్టికట్ట ఎక్కి చూసినవాడికి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) 1453లో 53 రోజులు ఎలా కాచుకుందో కళ్లకు కడుతుంది.

సాయంత్రం గ్రౌండ్‌కు పోయే పిల్లలకు, పుస్తకం కొత్తగా పట్టేవాళ్లకు జోడీలదే మేలు. మావాడు కోటకు పది నిమిషాల దూరంలో ఉంటాడు. ముట్టడులదే కొనుక్కోమన్నాను, ఆదివారం ఇద్దరం మట్టికట్ట ఎక్కుతున్నాం.