సైకిల్ వెనుక షాక్‌కు విజయనగరంలో చేయించిన బుష్‌లు: ఒక లేత్ వర్క్‌షాప్ పనితనం

నా మౌంటెన్ బైక్ ఫ్రేముకు 210 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల స్ట్రోక్ (కుంగే దూరం) ఉన్న వెనుక షాక్ (కుదుపులను అణిచే షాక్ అబ్జార్బర్) కావాలి. దొరికిన షాక్‌కు పొడవు సరిపోయింది గాని స్ట్రోక్ 55 ఉంది. దాని బుష్‌లు (షాక్ చివరల రంధ్రాల్లో కూర్చునే, బోల్టు దూరే లోహపు గొట్టాలు) కూడా, షాక్‌ను పట్టుకునే ఫ్రేము చెవుల మధ్య ఉన్న 30 మిల్లీమీటర్ల ఖాళీకి సరిపోలేదు. పొడవు తేడా ఉంటే ఆ షాక్‌ను వదులుకోవలసిందే గాని, ఈ రెండు లోపాలనూ సరిచేయవచ్చు.

ఈ ఫ్రేములో వెనుక చక్రం కదలిక 130 మిల్లీమీటర్లు, అంటే షాక్ ఒక మిల్లీమీటరు కుంగితే చక్రం సగటున 2.6 మిల్లీమీటర్లు లేస్తుంది. స్ట్రోక్ 5 ఎక్కువైతే చక్రం మరో 13 మిల్లీమీటర్లు పైకి వచ్చి, టైరు సీటు గొట్టానికి రాసుకుంటుంది. అందుకే గాలి పూర్తిగా తీసేసి, ఎయిర్ క్యాన్ (గాలి ఉండే బయటి గొట్టం) విప్పి, లోపల స్ట్రోక్‌ను తగ్గించే 5 మిల్లీమీటర్ల స్పేసర్ నేనే వేసుకున్నాను. షాక్ లోపల అధిక పీడనంతో నైట్రోజన్ నింపిన గది జోలికి మాత్రం తగిన పరికరాలు లేకుండా ఎవరూ వెళ్లకూడదు.

బుష్‌ల పనిని విజయనగరంలోని ఒక చిన్న లేత్ వర్క్‌షాప్‌కు అప్పగించాను. షాక్ కంటి (చివరనున్న రంధ్రం) లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, ఫ్రేము బోల్టు 8 మిల్లీమీటర్లు. మేస్త్రి గారు నేను రాసి ఇచ్చిన కొలతలను పక్కన పెట్టి, షాక్‌నూ ఫ్రేమునూ స్వయంగా వెర్నియర్‌తో కొలిచారు. అల్యూమినియం కడ్డీని కొద్దికొద్దిగా చెక్కుతూ, చివరి కోతలు వచ్చేసరికి ప్రతిసారీ మిషన్ ఆపి, బుష్‌ను కంట్లో దూర్చి చూశారు. బొటనవేలితో గట్టిగా నొక్కితేనే లోపలికి వెళ్లాలి, వెళ్లాక ఇసుమంత కూడా ఆడకూడదు. వెడల్పు ఎక్కువైతే ఫ్రేము చెవులు విచ్చుకుంటాయి, తక్కువైతే బోల్టు బిగించగానే లోపలికి వంగుతాయి. ఫ్రేము రంధ్రాన్నే పెద్దది చేసి లావు బోల్టు వేస్తే సరిపోదా అని పక్కనున్న ఒకరు అన్నప్పుడు, ఆ పని తాను చేయనని ఆయన తేల్చి చెప్పారు. నాకు ఆయనపై నమ్మకం కుదిరింది అక్కడే.

బిగించాక గాలి లేకుండానే షాక్‌ను చివరికంటా కుదించి చూశాం. టైరుకూ సీటు గొట్టానికీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. తర్వాత శాగ్ (మనిషి ఎక్కి కూర్చోగానే షాక్ కుంగే మేర) స్ట్రోక్‌లో 25 నుంచి 30 శాతం మధ్య ఉండేలా గాలి నింపి, ఎస్.కోట వైపు నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగాను. గతుకుల్లో లోగడ వినిపించిన టకటక శబ్దం పూర్తిగా పోయింది.

లోపమంటూ చెప్పాలంటే, బుష్‌లకు అనోడైజింగ్ (అల్యూమినియంపై వేసే రక్షణ పొర) లేదు. ఆ సదుపాయం ఆ వర్క్‌షాప్‌లో లేదు. వానాకాలంలో విప్పి, తుడిచి, గ్రీజు రాసుకోవాలి. అక్కడికి వెళ్లేవారు షాక్‌తో పాటు ఫ్రేమును, అసలు బోల్టులను కూడా తీసుకువెళ్లండి. వస్తువు ఎదురుగా లేకుండా కాగితం మీది కొలతలతో ఆయన పని మొదలుపెట్టరు.