కొత్త బాడీ, పాత లెన్సు: కెనాన్ ఆర్6 వాడాక

కెనాన్ ఆర్6 కెమెరా మెగాపిక్సెళ్ళు, బ్యాటరీ, వీడియో గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది పాత లెన్సును కలపడానికి దాని ముందు తగిలించే చిన్న అడాప్టర్ గురించి, దాని పుణ్యమా అని నాకు మళ్ళీ దక్కిన ఒక పాత లెన్సు గురించి.

నెల్లూరులో పెళ్ళిళ్ళ ఫోటోలే నా జీవనాధారం. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (పెద్ద సెన్సార్ ఉండి, లోపల అద్దం లేని కెమెరా) కొందామనుకున్నప్పుడల్లా నన్ను వెనక్కి లాగింది బాడీ (లెన్సు లేని కెమెరా) ధర కాదు, లెన్సుల ధర. 2020లో ఆర్6 బాడీ అమెరికాలో 2,499 డాలర్లకు విడుదలైంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఈ కొత్త బాడీల కోసం చేసిన ఆర్ఎఫ్ రకం 85 మి.మీ. ఎఫ్/1.2 లెన్సు ఒక్కటే 2,699 డాలర్లు! దానికి తోడు వైడ్, జూమ్ కూడా తీసుకుంటే పెళ్ళిళ్ళ సీజన్ సంపాదనంతా వాయిదాలకే పోతుంది. అందుకే బాడీ, అడాప్టర్ మాత్రం కొని, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) నాటి ఈఎఫ్ రకం లెన్సులతోనే కొంతకాలం నెట్టుకొద్దామనుకున్నాను.

వాటిలో 85 మి.మీ. ఎఫ్/1.8 ఒకటి. 1992లో వచ్చిన డిజైను. డీఎస్ఎల్ఆర్ మీద ఇది నన్ను బాగా ఏడిపించింది. కంటికి గురిపెడితే ఫోకస్ వెళ్ళి చెవి తమ్మె మీద పడేది. ఆ భయంతో అపెర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) 2.8 కంటే ఎక్కువ తెరిచేవాడిని కాదు.

కొత్త బాడీకి దాన్ని తగిలించి మొహరం నెలలో రొట్టెల పండుగకు వెళ్ళాను. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఎంత రద్దీ ఉంటుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. నీళ్ళలో నిలబడి, చంకలో పసిబిడ్డతో ఒకామె సంతాన రొట్టె పంచుతోంది. చుట్టూ చాచిన చేతులు, మధ్యలో అడ్డం వచ్చే భుజాలు, ఎగిరిపడే నీళ్ళు. అపెర్చర్ పూర్తిగా 1.8కి తెరిచాను. తెర మీద ఫోకస్ చూపే చిన్న చతురస్రం ఆమె కంటిని పట్టుకుంది. ఎవరో అడ్డం నడిస్తే ఒక్క క్షణం తప్పిపోయి, మళ్ళీ అదే కంటి మీదికి వచ్చి నిలిచింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే రెప్ప వెంట్రుక మీద నిలిచిన నీటి చుక్క విడిగా కనిపించింది. ఆ లెన్సులో అంత పదును ఉందని అన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు.

కారణం సులువే. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్‌ను అద్దం కింద ఉండే వేరే సెన్సార్ కొలుస్తుంది, బొమ్మ పడేది ఇంకోచోట. రెంటి మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా గురి తప్పుతుంది. మిర్రర్‌లెస్‌లో బొమ్మ పడే సెన్సారే ఫోకస్‌నూ కొలుస్తుంది. పైగా ఈ లెన్సులో లేని స్టెబిలైజేషన్‌ను (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) బాడీ ఇస్తుంది. అడాప్టర్‌లో గాజు ముక్క ఏదీ లేదు. అద్దం లేకపోవడంతో లెన్సుకూ సెన్సార్‌కూ మధ్య తగ్గిన 24 మిల్లీమీటర్ల దూరాన్ని నింపి, విద్యుత్ కాంటాక్టులను కలుపుతుంది, అంతే. 1987లో మొదలైనప్పటి నుంచీ ఈఎఫ్ లెన్సుల్లో ఫోకస్ మోటారు లెన్సులోనే ఉండటం వల్ల ఇది ఇంత సాఫీగా సాగుతోంది. నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. వాటిని తిప్పే మోటారు బాడీలో ఉండేది. పాత లెన్సులను మిర్రర్‌లెస్‌కు కలిపే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో వాటికి ఆటోఫోకస్ రాదు.

మొదట్లో స్నేహితుల దగ్గర ఈ లెన్సును ఆకాశానికెత్తాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. మండపం లైట్ల కింద వెంకటగిరి చీర జరీ అంచు మీద, రాళ్ళ నెక్లెస్ మీద 1.8 దగ్గర ఊదా రంగు గీత పడుతుంది. కంప్యూటర్‌లో తీసేయవచ్చు గానీ, ఆల్బమ్ మొత్తానికి ఆ పని చేయాలంటే రాత్రుళ్ళు చాలవు. 85 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు కాబట్టి ఉంగరాలకు, గోరింటాకుకు లెన్సు మార్చక తప్పదు. మన తేమ గాలికి పాత లెన్సుల్లో బూజు భయం ఉండనే ఉంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టి కాపాడుకుంటున్నాను.

ఇంట్లో ఈఎఫ్ లెన్సులు ఉన్నవాళ్ళకు నా మాట ఉపయోగపడవచ్చు. ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్ళ లెక్క వేరు. సోనీ 2011లోనే ఈ-మౌంట్ (తన మిర్రర్‌లెస్ బాడీలకు లెన్సు తగిలే అమరిక) వివరాలను ఇతర తయారీదారులకు తెరిచింది కాబట్టి అక్కడ టామ్రాన్, సిగ్మా లెన్సులకు కొదవ లేదు. కెనాన్ 2024లో ఆ రెండింటికీ ఇచ్చిన అనుమతి ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్ కెమెరాల లెన్సుల వరకే. కాబట్టి బాడీ ధర ఒక్కటే చూడకుండా, మీ పనికి కావలసిన లెన్సులన్నీ ఒక కాగితం మీద రాసి మొత్తం కూడండి. నా మటుకు నాకు 1.2 లెన్సు ఈ ఏడాది కూడా లేనట్టే. మా అబ్బాయి ఇంటర్ ఫీజులు కట్టాక చూడాలి.