సర్వీస్ డాగ్‌కి వీఏ సాయం: ఆరేళ్ల వాడకం తర్వాత నా మాట

అమెరికా సైన్యంలో పనిచేసి, వెన్నెముక గాయంతో బయటికొచ్చాను. ఆరేళ్లుగా రూబీ నా పక్కనే ఉంది. నల్ల లాబ్రడార్. నా సర్వీస్ డాగ్, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి పనుల్లో సాయపడేలా శిక్షణ పొందిన కుక్క. కింద పడ్డ తాళాలు తీసిస్తుంది, తలుపుకి కట్టిన తాడు నోట పట్టి లాగుతుంది.

చాలామంది అనుకున్నట్టు వీఏ, అంటే ఇక్కడి మాజీ సైనికుల శాఖ, కుక్కని కొనివ్వదు. కుక్కని ఇచ్చేది స్వచ్ఛంద సంస్థలు. 2012లో వచ్చిన నిబంధన ప్రకారం వీఏ చూసుకునేది పశువైద్య బీమా, కుక్కకి తొడిగే పట్టీలు, కుక్కని తెచ్చుకోవడానికి అయ్యే ప్రయాణ ఖర్చులు.

బీమా విలువ నాకు ఒక రాత్రి తెలిసింది. రూబీ సాక్సు మింగి వాంతులు చేసుకుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. అప్పటికప్పుడు ఆపరేషన్. తెల్లారి కౌంటర్ దగ్గర కార్డు తీయబోతే, ఆ అమ్మాయి "మీరు కట్టాల్సిందేమీ లేదండీ" అంది. డాక్టరుకి బీమా కంపెనీయే నేరుగా చెల్లిస్తుంది. ఇక్కడ పశువుల ఆపరేషన్ బిల్లు చూసినవాళ్లకి ఆ మాట ఎంతటిదో తెలుస్తుంది. పట్టీ బకిల్ అరిగిపోతే కొత్తది ఇచ్చారు. వీఏలో కృత్రిమ కాళ్లిచ్చే విభాగమే ఈ పట్టీల సంగతీ చూస్తుంది.

తిండి, స్నానం, గోళ్లు కత్తిరించడం, లైసెన్స్ బిళ్ల మన జేబులోంచే. అమ్మకి బాగోలేదని గుంటూరు వచ్చిన మూడు వారాలూ రూబీని బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట, పెట్టిన ఖర్చు కూడా నాదే.

నా బాధంతా గుర్తింపు నిబంధన గురించే. అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్, లేదా అంధుల కుక్కలకైతే ఇంటర్నేషనల్ గైడ్ డాగ్ ఫెడరేషన్, గుర్తించిన సంస్థ శిక్షణ ఇస్తేనే సాయం. మొదట్లో ఒక ఆఫీసులో ఎవరి దగ్గర నేర్పించినా ఫర్వాలేదన్నారు. నమ్మి, రూబీకి ముందున్న కుక్కకి నేర్పించమని ఇంటి దగ్గరి ట్రైనర్‌కి ఎనిమిది నెలలు డబ్బు కట్టాను. దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ కుక్క ఇప్పుడు మా అన్నయ్య ఇంట్లో ఉంది. మళ్లీ మొదటినుంచి వరసలో నిలబడి, రూబీ వచ్చేసరికి దాదాపు రెండేళ్లు పట్టింది. దొంగ ట్రైనర్లు ఉన్న మాట నిజమే. అయినా కాగితాన్ని కాకుండా కుక్కనే పరీక్షిస్తే ఏం పోయింది?

2012 నిబంధన చూపు, వినికిడి, నడక వరకే ఆగింది. పీటీఎస్‌డీతో, అంటే భయంకర అనుభవాల తర్వాత వదలని మానసిక వేదనతో, రాత్రుళ్లు నిద్రపోలేని మా బ్యాచ్ వాళ్లు అప్పుడు బయటే మిగిలారు. 2021 చట్టంతో వాళ్లే కుక్కలకి శిక్షణ ఇచ్చే ఐదేళ్ల ప్రయోగాత్మక కార్యక్రమం వచ్చింది. ఐదు చోట్ల మొదలైంది, టెక్సాస్‌లోని మా శాన్ ఆంటోనియో అందులో ఒకటి. ఇది ఇంకా చాలా ఊళ్లకి రావాలి.

మీరు ఈ సాయం అడగబోతుంటే కుక్క కంటే ముందు మీ వీఏ డాక్టర్‌తో మాట్లాడండి. సంస్థకి గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

రూబీకి ఎనిమిదేళ్లొచ్చాయి, మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతోంది. సాయం ఒకసారికి ఒక్క కుక్కకే. కొత్తది వచ్చిన రోజున రూబీ మందుల ఖర్చు నాది. దానికోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను.