స్కాన్‌కి నాలుగు స్టార్లు, బాత్రూమ్‌కి ఒకటి

ఎల్బీనగర్ వైపు ఒక స్కానింగ్ సెంటర్ గురించి రాస్తున్నా. పేరు చెప్పను.

నేను టైలర్‌ని. ఆరేళ్లుగా క్రోన్స్ ఉంది, అంటే పేగుల్లో వాపు. ఈ వేసవిలో రెండు పిక్కలూ రాయిలా బిగుసుకుపోయాయి. పొద్దున్నే మంచం దిగితే మడమ నేలకి ఆనేది కాదు. మిషన్ తొక్కలేక మోటారు పెట్టించుకున్నా. ఎండదెబ్బ అన్నాడు మా ఆయన. పది రోజులు బామ్ రాసుకుంటూ కూర్చున్నా (ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది).

మా గ్యాస్ట్రో డాక్టర్ గారు ముందు డాప్లర్ (కాళ్ల రక్తనాళాల స్కాన్) చేయించారు. పేగు వాపు ఉన్నవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువట. గడ్డ లేదు, సీపీకే (కండరం దెబ్బతింటే పెరిగే రక్తపరీక్ష) కూడా నార్మల్. అయినా ఆయన వదల్లేదు. క్రోన్స్ వల్ల అరుదుగా పిక్క కండరాలకే వాపు వస్తుందని, అప్పుడు సీపీకే పెరగకపోవచ్చని చెప్పి ఎమ్మారై రాశారు.

కౌంటర్లో అమ్మాయి ‘మోకాలు’ అని ఎక్కించింది. లోపలున్న టెక్నీషియన్ చీటీ తనే చదివి, "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు. చూపించిన చోట చేపనూనె క్యాప్సూల్ ఒకటి టేపుతో అంటించాడు, ఫిల్ములో గుర్తుగా కనబడుతుందట. మోకాలికి తీసి పంపేస్తే నా డబ్బులు గంగపాలయ్యేవి.

ఇక బాత్రూమ్. మిషనేమో సెల్లార్‌లో, బాత్రూమేమో మొదటి అంతస్తులో, ఉన్నది ఒకే లిఫ్టు. స్కాన్ సగంలో కడుపు మెలిపెట్టింది. చేతిలో ఉన్న రబ్బరు బుడ్డి నొక్కాను, వెంటనే బయటికి తీశాడు. ఆ గౌనుతో, ఆ పిక్కలతో మెట్లెక్కడం పగవాళ్లకి కూడా వద్దు. తిరిగొచ్చాక విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి తీశాడు.

సాయంత్రం ఇస్తామన్న రిపోర్టు మర్నాడు పదకొండింటికి ఇచ్చారు. రెండు పిక్కల్లోనూ వాపు, చీము లేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారానికి మడమ ఆనింది. అవే ఎక్కువ రోజులు వాడితే కండరాలు నీరసిస్తాయట, అందుకే మెల్లగా తగ్గిస్తున్నారు.

కింద బాత్రూమ్ కట్టించమని మేనేజర్‌తో అంటే, "చోటు లేదమ్మా" అన్నాడు. స్టాఫ్ గది పక్కన తాళం వేసిన తలుపు ఒకటుంది. అదేంటో అడిగితే చెప్పలేదు.