ఎలియస్: ఆపెయ్యడమా, తీసెయ్యడమా?

మా బాబాయికి పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రెండు రొయ్యల చెరువులు. మేత కంపెనీకి, మందుల షాపుకి, నీళ్ళు పరీక్షించే ల్యాబుకి అన్నిటికీ ఒకటే జీమెయిల్ ఇచ్చేశాడు. ఓ తెల్లవారుజామున గట్టు మీద, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల హోరులో ఫోన్ పట్టుకుని అమ్మోనియా రిపోర్టు వెతుకుతుంటే, కనిపించినవన్నీ ఆఫర్ల మెయిళ్ళే. "ఒరేయ్, ఒక్కొక్కడికి ఒక్కో అడ్రస్ పెట్టి ఇవ్వరా" అన్నాడు. ఇలా అసలు అడ్రస్‌కి బదులు ఇచ్చే మారు అడ్రస్‌నే ఎలియస్ అంటారు.

సులువైన దారి జీమెయిల్ ప్లస్. మన పేరు తర్వాత ప్లస్ గుర్తు, దాని పక్కన ఏ మాట చేర్చినా మెయిల్ మన ఇన్‌బాక్స్‌కే వస్తుంది. పైసా ఖర్చు లేదు. అయితే దీన్ని తీసెయ్యడమంటూ ఉండదు, ఫిల్టర్ పెట్టి చెత్తబుట్టకి తోలాల్సిందే. పైగా ప్లస్ ముక్క చెరిపేస్తే ఎవరికైనా అసలు అడ్రస్ దొరికిపోతుంది. కొన్ని సైట్లయితే ప్లస్‌ని అసలు ఒప్పుకోవు.

అందుకని ఫార్వర్డింగ్ ఎలియస్‌లే మేలనిపించింది, అంటే అసలు అడ్రస్ బయటపెట్టకుండా మెయిల్‌ని మన ఇన్‌బాక్స్‌కి తోలే విడి అడ్రస్‌లు. వీటిని ఇచ్చే సర్వీసుల్లో ఫైర్‌ఫాక్స్ రిలే ఉచితంగా 5 ఇస్తుంది, సింపుల్‌లాగిన్ 10. చిక్కంతా ఈ లెక్కతోనే. ఐదూ నిండగానే పాతది తీసేద్దామనిపిస్తుంది. బాబాయి అదే చేశాడు, మందుల షాపుది పీకేశాడు. మూణ్ణెల్లకి పాత బిల్లులు కావాల్సొచ్చాయి. పాస్‌వర్డ్ మర్చిపోయాడు. మార్చుకునే లింకేమో ఆ తీసేసిన అడ్రస్‌కే పోయింది! రిలేలో ఒకసారి తీసేసింది మళ్ళీ రాదు.

ఆపేసి ఉంచితే ఈ గొడవ లేదు. తూము తలుపు దించడం వేరు, తూమే పూడ్చెయ్యడం వేరు. కావాల్సినప్పుడు ఎలియస్ ఆన్ చేసి, లింకు తెచ్చుకుని, మళ్ళీ ఆపేసుకోవచ్చు. తీసెయ్యాలనుకుంటే ముందు ఆ అడ్రస్ పేరుతో ఇన్‌బాక్స్‌లో వెతికి, దాంతో తెరిచిన ఖాతాల్లో మెయిల్ మార్చాకే ముట్టుకోండి.

సొంత డొమైన్ వాళ్ళకి ఇంకో మెలిక ఉంది. క్యాచ్-ఆల్ (ఆ డొమైన్‌లో ఏ పేరుకి మెయిల్ వచ్చినా పట్టుకునే ఏర్పాటు) పెట్టుకుంటే చాలాచోట్ల ఎలియస్ తీసేసినా మెయిళ్ళు ఆగవు, అందులోకి వచ్చి పడతాయి. అలాంటిచోట ఆ అడ్రస్‌ని అడ్డుకునే రూల్ విడిగా పెట్టాలి. డొమైన్ రెన్యువల్ మర్చిపోయారా, దాన్ని కొనుక్కున్నవాడికి ఆ తర్వాత వచ్చే మీ మెయిళ్ళు పోతాయి. బ్యాంకుకి మాత్రం నేనెప్పుడూ అసలు అడ్రస్సే ఇస్తాను.

ఇప్పుడు బాబాయి మేత కంపెనీ ఎలియస్‌ని చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలినప్పుడు ఆన్ చేస్తాడు, రొయ్యల పట్టుబడి అవగానే ఆపేస్తాడు. ల్యాబుది మాత్రం ఎప్పుడూ ఆపడు.