పదేళ్లుగా నా పాత కారు, దాని ముందు చక్రాల చప్పుళ్లు

నాది 2010 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 2015లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు 48,000 కిలోమీటర్లు తిరిగి ఉంది, ఇప్పుడు మీటర్ 1,60,000 దాటింది. ఇంజిన్ బాగుంది, ఏసీ బాగుంది, మైలేజ్ పెద్దగా తగ్గలేదు. ఇన్నేళ్లలో నన్ను విసిగించింది ముందు చక్రాల దగ్గర చప్పుడు ఒక్కటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట విన్నది తిరుపతిలో మా వీధిలోనే. పైపుల కోసం తవ్వి సగం పూడ్చిన చోట, ఇరవై స్పీడులో, ఎడమ వైపు నుంచి టక్ టక్. చిత్తూరు దాకా హైవే మీద 70 కిలోమీటర్లు పోయినా చడీచప్పుడు లేదు. ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ మీద రెండుసార్లు నొక్కి, "షాక్‌లు పోయాయి సార్" అన్నారు. కుదుపులు తగ్గించే ఆ షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను, 9,000 పైనే అయింది. ఇంటికి వచ్చే దారిలోనే మళ్లీ అదే టక్ టక్. డబ్బు పోయినందుకు కాదు, అడగకుండా ఒప్పుకున్నందుకు చాలా బాధపడ్డాను.

తర్వాత చంద్రగిరి వైపు ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన కారు ముట్టుకోకముందే అడిగారు: "రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వస్తాదా సామీ, ఒక చక్రం గుంతలో పడితే వస్తాదా?" నేనెప్పుడూ గమనించలేదు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాను. రెండూ కలిసి ఎక్కితే ఏమీ లేదు. ఒక్కటే ఎక్కితే టక్. అది లింక్ రాడ్. ముందు రెండు చక్రాలనూ కలిపే బార్‌ను షాక్‌కు తగిలించే సన్న కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలిపడదు, లింక్ మీద బలం పడదు. ఒకటి లేచి ఒకటి దిగినప్పుడే వదులైన జాయింట్ కొట్టుకుంటుంది. లింకులు రెండూ విప్పి, వీధి చివరి దాకా మెల్లగా పోయి వచ్చాం. చప్పుడు లేదు. కొత్త జత, కూలితో కలిపి 1,600.

అప్పటి నుంచి చప్పుడు ఎక్కడిదని కాకుండా ఎప్పుడొస్తుందని చూడటం అలవాటైంది.

తిరుమల నుంచి దిగేటప్పుడు రెండో చప్పుడు దొరికింది. దిగే దారి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకూ బ్రేక్ వేయాల్సిందే. బ్రేక్ తొక్కితే ఒకసారి దడ్, వదిలితే ఇంకోసారి. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్ చీలిపోయింది, బ్రేక్ వేసినప్పుడల్లా ఆర్మ్ వెనక్కి జరుగుతోంది. మార్పిస్తే ఏడాదికే మళ్లీ చీలింది. కారణం తర్వాత తెలిసింది. చక్రం జాకీ మీద వేలాడుతుండగా బోల్టు బిగించేశారు. కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ అలాగే ఉండిపోతుంది. రెండోసారి దగ్గరుండి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టు పూర్తిగా బిగించమన్నాను. నాలుగేళ్లయింది, గట్టిగానే ఉంది. ఆర్మ్ పని చేయించాక వీల్ అలైన్‌మెంట్ కూడా తప్పదు.

కొన్ని చప్పుళ్లు సస్పెన్షన్‌వి (షాక్, స్ప్రింగు, ఆర్మ్ లాంటివి) కానే కావు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే కటకటమంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే యాక్సిల్ జాయింట్ చూడాలి. బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే చప్పుడు ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులు. స్పీడుతో పాటు పెరిగే హోరు వీల్ బేరింగ్‌ది.

ఆర్మ్ చివర చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్ దగ్గర మాత్రం ఆలస్యం చేయొద్దు. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపుతాను, లోపల ఆట (వదులు) ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమంటాను. ఆట ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ అని అనుమానించాలి. ఒకసారి అలా ఆగలేదు. మర్నాడు కుటుంబంతో కొండకు వెళ్లాల్సి ఉంది. కారు ఇంట్లో వదిలి బస్సెక్కాం.

పోయిన వారం నుంచి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కుడి వైపు స్ప్రింగు టంగుమంటోంది. చేయి పెట్టి చూస్తే స్ప్రింగు సాఫీగా తిరగకుండా పట్టేసి వదులుతోంది. స్ప్రింగు తిరగడానికి పైన ఉండే మౌంట్ బేరింగ్ బిగిసినట్టుంది. కొత్తది తెప్పించాను. ఆదివారం షెడ్డుకు తీసుకెళ్తున్నాను.