మా ట్రెల్లో బోర్డులో అందరూ ఎక్కువగా తెరిచే జాబితా ‘మానుకున్నవి’

జట్టు పనులను కార్డులుగా పెట్టుకునే ట్రెల్లో అనే యాప్ మీద సమీక్షలు రాసేవాళ్లు చాలామంది మొదటి వారంలోనే రాసేస్తారు. అప్పటికి బోర్డు శుభ్రంగా ఉంటుంది, కార్డులు రంగురంగుల లేబుళ్లతో ముచ్చటగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి వాడాక అది ఏ రూపానికి వస్తుందో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నేను చెబుతాను.

శ్రీకాకుళంలో మాదొక చిన్న జట్టు. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల కోసం కూలి లెక్కల యాప్ తయారు చేస్తున్నాం. ఎవరు ఎన్ని కేజీల పిక్కలు కొట్టారు, ఎవరు ఎంత పప్పుకు పొట్టు తీశారు, వారం చివర ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇవీ అందులో ఉండేవి. యాప్ పని మొదటి రోజు నుంచి ట్రెల్లో మీదే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. దీన్ని 2011లో అమెరికాలోని ఫాగ్ క్రీక్ అనే సంస్థ తెచ్చింది, 2017లో అట్లాసియన్ కొనుక్కుంది. ఒక బోర్డు, దాని మీద పక్కపక్కనే జాబితాలు, జాబితాల్లో కార్డులు. ఒక్కో కార్డు ఒక్కో పని. పని ముందుకు సాగితే కార్డును వేలితో పట్టుకుని పక్క జాబితాలోకి లాగుతారు. టయోటా కర్మాగారాల్లో పుట్టిన, చీటీలతో పని కదలికను చూపే కాన్‌బాన్ పద్ధతిని తెర మీదకు తెచ్చారనుకోవచ్చు. ఇది నేర్చుకోవడానికి మా జట్టులో ఎవరికీ పూట కూడా పట్టలేదు.

మొదట్లో మావి అందరూ పెట్టుకునే జాబితాలే: చేయవలసినవి, చేస్తున్నవి, పరీక్షలో ఉన్నవి, అయిపోయినవి. అన్నిటికన్నా పైన ఉన్న కార్డు ‘పనివాళ్లే తమ లెక్క తామే నమోదు చేసుకోవాలి’. కాగితం మీద చాలా బాగుంది. షెడ్డులోకి వెళ్లి చూస్తే సంగతి వేరు. జీడి పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చి పొక్కులు తెప్పిస్తుంది. అందుకే పిక్కలు కొట్టేవాళ్లు చేతులకు బూడిదో ఆముదమో రాసుకుంటారు. ఆ చేతులతో తాకితే ఫోను ఒకసారి పలుకుతుంది, మూడుసార్లు పలకదు. పైగా వాళ్లది కేజీల లెక్కన కూలి. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫోను తీసి నొక్కే సమయం వాళ్ల కూలిలోంచే పోతుంది. దాంతో నమోదు పని కాటా దగ్గర కూర్చునే గుమస్తా చేతికి మారింది. ఆయన కోసం పెద్ద పెద్ద అంకెల మీటలు, ఒకే తెర. పాత కార్డును పక్కకు లాగాం, కొత్తది పెట్టాం. మొత్తం అరనిమిషం పని.

ట్రెల్లో గొప్పదనం ఇదే, నా ఫిర్యాదు కూడా ఇదే. ప్రణాళిక మార్చడం ఇంత తేలికైతే జట్టుకు మార్చాలంటే భయం ఉండదు. ఇది నిజంగా మంచిది. కానీ కార్డును లాగేటప్పుడు ఎందుకు లాగుతున్నావని అది అడగదు. ఎవరు లాగారు, ఎప్పుడు లాగారు అన్నవి కార్డు అడుగున వాటంతట అవే నమోదవుతాయి. కారణం మాత్రం ఎవరైనా పూనుకుని రాస్తేనే ఉంటుంది. హడావుడిలో ఎవరూ రాయరు.

దీని ఫలితం ఎస్సెమ్మెస్ విషయంలో తెలిసివచ్చింది. వారం కూలి ఎంతో పనివాళ్ల ఫోనుకు సందేశం పంపాలన్నది మా తొలి ఆలోచనల్లో ఒకటి. సంస్థల పేరుతో సందేశాలు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరునూ, సందేశం నమూనానూ టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయించాలి. అది కాస్త శ్రమే అయినా చేయదగిన పని. అసలు అడ్డంకి మరోచోట ఉంది. పొట్టు తీసే ఒక పెద్దావిడ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: “బాబూ, ఆ ఫోను మా అబ్బాయి దగ్గర ఉంటుంది. మెసేజ్ వస్తే నా కూలి ఎంతో వాడికి తెలుస్తుంది. వాడికి తెలియకూడదనే కదా నా బాధ!” ఆ రోజే కార్డు ఆర్కైవ్‌లోకి, అంటే బోర్డు మీద కనబడని చోటికి, వెళ్లిపోయింది. కొన్ని నెలల తరువాత జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రవాడు ఎంతో ఉత్సాహంగా అదే ఆలోచన తెచ్చాడు, సగం కోడ్ కూడా రాసేశాడు. అతని తప్పేమీ లేదు. ఆర్కైవ్ చేసిన కార్డు ఎక్కడికీ పోదు, వెతికితే దొరుకుతుంది. కానీ ఉందని తెలియని దాన్ని ఎవరు వెతుకుతారు?

అప్పుడు పెట్టినదే ‘మానుకున్నవి’ అనే జాబితా. నియమాలు రెండే. ఏ కార్డూ దీని మీదుగా వెళ్లకుండా ఆర్కైవ్‌కు పోకూడదు. ఇక్కడికి వచ్చిన కార్డు మీద ఎందుకు మానుకున్నామో, ఏం మారితే మళ్లీ తీస్తామో మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి. రెండో వాక్యం మొదటిదానికన్నా విలువైనదని తరువాత అర్థమైంది. ట్రెల్లోలో బట్లర్ అనే స్వయంచాలక సదుపాయం ఉంది. కార్డు ఈ జాబితాలోకి రాగానే ‘కారణం రాశారా?’ అని తెలుగులోనే వ్యాఖ్య పెట్టేలా దాన్ని అమర్చాం. ఉచిత ఖాతాకు నెలకు 250 సార్లు మాత్రమే ఇలా పనిచేస్తుంది. మాకు అందులో పదో వంతు కూడా ఖర్చు కాదు.

ఈ జాబితా వల్ల మరొకటి బయటపడింది. ఒక పని మానుకుంటే ఇంకొక పని బతికివస్తుంది. చిన్న బ్లూటూత్ ప్రింటర్ మీద కూలి చీటీ ముద్రించి ఇవ్వడం అన్న కార్డును అంతకుముందే పక్కన పెట్టి ఉన్నాం. చవక ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. చీటీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి, అది నెమ్మది. ఎస్సెమ్మెస్ పోయాక చీటీ తప్ప దారి కనిపించలేదు. చీటీ అయితే ఆవిడ కొంగున ముడివేసుకుంటుంది, కొడుకు చూడడు. ఒక కార్డు లింకును మరో కార్డులో అతికించే వీలుంది కాబట్టి, ఇది ఎందుకు పోయిందో, అది ఎందుకు తిరిగొచ్చిందో రెండు కార్డులనూ చదివితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక తేదీలు. ట్రెల్లోలో గడువు దగ్గరపడిన కార్డు పసుపు రంగులోకి, దాటిపోయింది ఎరుపులోకి మారుతుంది. కొన్నాళ్లకు మా బోర్డంతా ఎర్రబడింది, ఎరుపంటే ఎవరికీ లెక్క లేకుండా పోయింది. దాంతో మేము సొంతంగా పెట్టుకున్న గడువులన్నీ తీసేశాం. మా చేతుల్లో లేని తేదీలు మాత్రం ఉంచాం. మార్చిలో ఉద్దానం ప్రాంతపు జీడి పిక్కలు దిగడం మొదలయ్యాక ఏ యజమానీ కొత్త యాప్ నేర్చుకోడు కాబట్టి అదొక గడువు. ప్లే స్టోరు ఏటా పెట్టే ఆగస్టు 31 మరొకటి. 2024లో ఆ తేదీకి యాప్‌లను ఆండ్రాయిడ్ 14కు, 2025లో ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు మార్చుకోవలసి వచ్చింది. ఏటా వేసవి చివర కొత్త సదుపాయాలన్నీ ఆపి ఈ పనికి కూర్చుంటాం.

విడుదల కార్డు కథ కూడా ఇందులోదే. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు 20 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు చేరి ఉండాలని ప్లే స్టోరు నడిపే గూగుల్ అంది. మాది అలాంటి ఖాతాయే. గుమస్తాలు, వాళ్ల బావమరుదులు, మా ఇంటి పక్కవాళ్లు అందరూ జాబితాలోకి ఎక్కారు. ఒకే కార్డులో అంత పొడవైన చెక్‌లిస్టు మా బోర్డులో మరొకటి లేదు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. అప్పటికి మా బావమరుదుల దండు పని పూర్తిచేసేసింది.

ట్రెల్లో ఎక్కడ సరిపోలేదో కూడా చెప్పాలి. చిన్న చిన్న లోపాలన్నిటికీ అదే బోర్డులో కార్డులు పెడితే అసలు ప్రణాళిక కనబడదు. వాటికి వేరే బోర్డు పెట్టుకున్నాం. ఉచిత ఖాతాలో కార్డుకు జతచేసే ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు, కాబట్టి షెడ్డులో తీసిన వీడియోలు మరోచోట దాచి లింకు ఇస్తున్నాం. పనులను తేదీల వెంట పరిచి చూపే టైమ్‌లైన్ ప్రీమియం ఖాతాలోనే ఉంటుంది. గడువులే తీసేసినవాళ్లకు దానితో పనేముంది?

పాతబడిన కార్డులను క్రమంగా వెలిసిపోయేలా చూపే సదుపాయం ఒకటుంది. ‘ఐఫోన్‌లో కూడా రావాలి’ అన్న కార్డు ఎంత వెలిసిందంటే అక్షరాలు చదవడానికి కళ్లు చిట్లించాలి. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, గూగుల్‌కు ఒక్కసారి 25 కడితే చాలు. కాటా దగ్గర ఐఫోన్ పట్టుకుని కూర్చునే గుమస్తా మాకింకా తారసపడలేదు.

ఒక పరిశ్రమ యజమానిని బోర్డులో సభ్యుడిగా చేర్చాం. ఆయన అడిగిన ‘కాటా నుంచి బరువు నేరుగా ఫోనుకు’ అన్న కార్డు ‘మానుకున్నవి’లో కనిపించేసరికి కోపంగా ఫోన్ చేశారు. “ఏమండీ, చేస్తామని చెప్పి చెత్తబుట్టలో వేశారా?” కార్డు తెరిచి చదవమన్నాను. ఒక్కో కంపెనీ కాటా ఒక్కో పద్ధతిలో అంకెలు పంపుతుంది, అన్నిటికీ రాయడం మా వల్ల కాదు, ఒకే రకం కాటాలు వాడేవారు దొరికితే మళ్లీ చూద్దాం అని అందులో ఉంది. మర్నాడు తన కాటాలన్నిటి ఫోటోలు అదే కార్డులో పెట్టారు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి. ఆ కార్డు ఇప్పుడు ‘చేస్తున్నవి’లో ఉంది.

అది చూశాక మిగిలిన యజమానులను కూడా చేర్చాలనిపించింది. కానీ 2024 నుంచి ఉచిత ఖాతాలో పది మందికి మించి ఉండడానికి లేదు, మేమూ, బోర్డులో ఉన్న మా పరీక్షకులూ పోగా మిగిలింది ఒక్క చోటే. మీ జట్టు పది మంది లోపు ఉండి, బయటివాళ్లను బోర్డులోకి తేవలసిన అవసరం లేకపోతే ఉచిత ఖాతా చాలు. మా యజమానులు ఇంకా ఇద్దరు ముగ్గురు చేరతామంటే మేము డబ్బు కట్టే ఖాతాకు మారతాం. ఆ కార్డు కూడా బోర్డు మీదే ఉంది, గడువు లేకుండా.